మర్హూన్ దొంగిలించిన గుర్రాలు

మా పక్కింటి ముజ్నా మా ఆవిడతో చెప్పిందట, మర్హూన్ షెడ్డులో గుర్రాలు మాయమవుతున్నాయని. ముజ్నాకి చెప్పింది వాళ్ల తమ్ముడి తోడల్లుడు. అతగాడి బండి నాలుగొందల గుర్రాల బలంతో లోపలికి వెళ్లి మూడొందల ఇరవైతో బయటికి వచ్చిందట. "మరి మిగతా ఎనభై ఏమైనట్టు? పెరట్లో కట్టేసుకుని మేత వేస్తున్నాడేమో" అని ముజ్నా కడుపు పట్టుకుని నవ్విందట. మా ఆవిడ ఆ మాటని అన్నం పళ్లెంతో పాటు తెచ్చి నా ముందు పెట్టింది.

"మీ మేనకోడలి బండి కూడా ఆయన చేతుల్లోనే పెట్టారటగా. తెచ్చుకునేటప్పుడు గుర్రాల్ని ఒకటికి రెండుసార్లు లెక్క చూసుకోండి."

నేను చేపలో ముల్లు ఏరుకుంటూ కూర్చున్నాను. ఆ బండిని మర్హూన్ దగ్గరికి తీసుకెళ్లమన్నది నేనే మరి.

ఎడారి అంచున, బిదియా ఊళ్లో టైర్ల కొట్టు నాది. ఇసుకలోకి పోయేవాళ్ల టైర్లు కూరుకుపోకుండా కాస్త గాలి తీసేదీ, తిరిగొచ్చాక నింపేదీ నేనే. గోడకి అవతల మర్హూన్ షెడ్డు. ఆయన ఇంజిన్లని ట్యూన్ చేస్తాడు. పన్నెండేళ్లు మస్కట్‌లో కుర్రాళ్ల బండ్లకి బలం ఎక్కించాడు. ఆ తరవాత ఏమైందో ఇక్కడికొచ్చి, ఎక్కించినవాడే దించడం మొదలుపెట్టాడు. ఆయన బల్ల మీద కరిగిపోయిన పిస్టన్ ఒకటుంటుంది. నడినెత్తిన వేలు పట్టేంత బొక్క. దాన్ని తలకిందులుగా పెట్టి అందులో నిప్పులేసి సాంబ్రాణి ధూపం వేస్తాడు. బూడిద ఆ బొక్కలోంచి కింద తట్టలోకి రాలుతుంది. ఎవరైనా అడిగితే, "ఇది నేను చేసిన పనే. ఇప్పటికి ఒక పనికొచ్చింది" అంటాడు. అంతకు మించి ఆ సంగతి ఎత్తడు.

ఇక నా మేనకోడలు జువైనా. మా అక్క ఘాలియాకి ఇసుకలో పంతొమ్మిది ఒంటెలున్నాయి. ఎండలు ముదరగానే అందరూ ఖర్జూర తోటల్లోకి దిగిపోతారు. అక్క దిగదు. "ఒంటెలు దిగితే నేనూ దిగుతా" అంటుంది. అవి దిగవు, ఈవిడా దిగదు. అక్కడి బావి నీళ్లు ఉప్పు. అందుకని రోజు విడిచి రోజు పన్నెండొందల లీటర్ల ట్యాంకు వెనకేసుకుని జువైనా పికప్ నడుపుకుంటూ వెళ్లాలి. నీళ్ల గొట్టం దగ్గర పెద్ద ట్యాంకర్ల వరస అయ్యాకే పికప్‌ల వంతు, అంటే పదకొండు దాటాక. ఒంటెలు మూడు దాటాక, అసర్ నమాజు వేళకి తొట్టి దగ్గరికి వచ్చి నిలబడతాయి. ఈ రెంటి మధ్యా ఉన్నది నడినెత్తి ఎండ. ఆ ఎండలోనే ఇసుక గుట్టలు దాటాలి. వేరే దారి లేదు.

ఆ వేసవిలో బండి రెండుసార్లు మరిగి ఆగిపోయింది. రెండోసారి ఆ పిల్ల మూడు గంటలు నడిచి తల్లి డేరా చేరింది. పెదాలు పగిలి, రెండు రోజులు మాట రాలేదు. వాళ్లన్న దియాబ్ తల్లి ముందు కూర్చుని తేల్చేశాడు.

"అమ్మా, ఒంటెల కోసం చెల్లెల్ని పోగొట్టుకోలేను. ఇంకొక్కసారి ఈ బండి దారిలో ఆగిందంటే, మందని సినావ్ సంతకి తోలేస్తా. మాటివ్వు."

అక్క, "ఆగితే తోలేయ్" అంది. నేనూ అక్కడే ఉన్నాను. మాట మాటే.

దియాబ్‌ని తప్పుపట్టడానికీ లేదు. అసలా బండి అతనిదే. టర్బో పెట్టించి, పట్నంలో ట్యూన్ చేయించి, నాలుగొందల గుర్రాలు ఎక్కించి మరీ చెల్లెలికి ఇచ్చాడు. తనకున్న వాటిలో మంచిదే ఇచ్చాడు.

*

జువైనా బండి తెచ్చిన రోజు మర్హూన్ బానెట్ కూడా ఎత్తలేదు.

"ట్యాంకులో నీళ్లున్నాయా?"

"లేవు బాబాయ్. ఖాళీ."

"నింపుకుని రా. మధ్యాహ్నం ఒంటిగంటకి రా."

"ఇంత ఎండలోనా?"

"నువ్వు నడిపేది ఎప్పుడు?"

పిల్ల నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను.

ముందు రెండు రోజులు ఆయన కంప్యూటర్ జోలికే పోలేదు. రేడియేటర్ ఊడదీశాడు. రెక్కల మధ్య ఒంటె వెంట్రుకలు, బురద, మిడతలు. కడిగితే బకెట్ల కొద్దీ మట్టి దిగింది. ఫ్యాను సగం వేగంతో తిరుగుతోందని దాన్ని మార్చాడు. బండి మూతికి దియాబ్ ఎంతో ముచ్చటపడి పెట్టించిన నాలుగు పెద్ద లైట్లూ పీకి పక్కన పడేశాడు.

"అన్న చూస్తే ఊరుకోడు" అంది జువైనా.

"గాలి వచ్చే దారికి అడ్డంగా కూర్చున్నాయి. ఎండలో నువ్వు వెలిగించేది ఏముంది?"

మూడో రోజు ఒంటిగంటకి నిండు ట్యాంకుతో ముగ్గురం ఎక్కాం. జువైనా నడుపుతోంది, మధ్యలో నేను ఒళ్లో లాప్‌టాప్‌తో, కిటికీ పక్కన మర్హూన్. ఆయన ఇంజిన్ దిమ్మెకి ఒక రాగి గొట్టం బిగించి, దానికి రబ్బరు పైపు తొడిగి, ఆ పైపు కొస చెవి డొప్పలకి పెట్టుకున్నాడు. చూసేవాళ్లకి డాక్టరుగారు బండి గుండె చూస్తున్నట్టుంది. ఊరి బయట మూడు కిలోమీటర్ల మెత్తటి ఎత్తు ఒకటుంది. దాని మీదికి తొక్కమన్నాడు.

మొదటి నిమిషం బండి ఉరుకులు తీసింది. రెండో నిమిషమూ బానే ఉంది. మూడో నిమిషంలో మర్హూన్ మొహం మారింది. డొప్పలు తీసి నా చెవులకి పెట్టాడు.

పెనం మీద కాఫీ గింజలు వేగుతున్న చప్పుడు. టప్, టప్, తర్వాత గుక్కతిప్పుకోకుండా టపటపటప.

"ఆపెయ్ తల్లీ, నెమ్మదిగా" అన్నాడు. ఆ పిల్ల కాలు తీసింది. ఆయన అద్దం వెనక గుడ్డిగా ఉన్న మీటర్ల వంక చూశాడు. "ఇంత మొత్తుకుంటుంటే నీకు దీపం వెలగలేదా?"

"ఏ దీపం?"

ఆయన స్క్రూడ్రైవర్ తీసి మీటర్ల పెట్టె విప్పాడు. హెచ్చరిక దీపం ఉండాల్సిన చోట ఖాళీ. లాప్‌టాప్ నా ఒళ్లోంచి లాక్కుని చూశాడు. ఇంజిన్‌కి ఒక చెవి ఉంటుంది. లోపల పెట్రోలు వేళకాని వేళ పేలితే వచ్చే ఈ టపటపని విని, తనంతట తాను వెనక్కి తగ్గుతుంది. ఆ చెవి పని చేయకుండా ఎవరో లోపలే నొక్కిపెట్టారు.

"పట్నంలో వీళ్లు బండిని రోలర్ల మీద ఎక్కించి, ముందర మనిషంత ఫ్యాను పెట్టి, పది సెకన్లు తొక్కుతారు. నాలుగొందలని కాగితం వస్తుంది. అబద్ధం కాదు, పది సెకన్లకి నిజమే. నీ గుట్ట ఎన్ని నిమిషాలు?"

"పెద్దది పదకొండు" అంది జువైనా.

"మరి దీపం ఎవరు తీశారు?"

పిల్లకి తెలియదు. నాకు మాత్రం తెలుసనిపించింది.

*

మర్నాడు దియాబ్ తనే వచ్చాడు. మూలన పడున్న లైట్లు చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఏంటి బాబాయ్, గుర్రాల్నే కాదు, కళ్లు కూడా పీకేస్తున్నావట."

"కూర్చో. కాఫీ తాగు."

మర్హూన్ ఖర్జూరాలు ముందుకు జరిపి, కాఫీ కూజా దల్లాని ఎడమచేత్తో ఎత్తి కప్పులో పోశాడు. దియాబ్ తాగాడు. మళ్లీ పోశాడు, మళ్లీ తాగాడు. మూడోదీ అయ్యాక దియాబ్ మర్యాదగా కప్పుని వేళ్ల మధ్య అటూ ఇటూ ఊపాడు, ఇక చాలని. మర్హూన్ పోశాడు. దియాబ్ ఆశ్చర్యపోయి, మొహమాటానికి తాగి, ఈసారి గట్టిగా ఊపాడు. మర్హూన్ మళ్లీ పోశాడు. కప్పు నిండింది. పొర్లింది. వేళ్ల మీంచి మోచేతి దాకా కారి తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా మీద పసుప్పచ్చటి మరకయింది.

"ఏం చేస్తున్నావు? చాలని ఊపానుగా."

"ఊపావా? నేను చూళ్లేదే."

"కళ్ల ముందు ఊపితే చూడలేదంటావేంటి?"

"నా కళ్లకి ఎవరో గంతలు కట్టారు నాయనా" అన్నాడు మర్హూన్, దల్లా కింద పెట్టి. "ఆ బండి కూడా నెల రోజులుగా కప్పు ఊపుతోంది. నీ చెల్లెలు పోస్తూనే ఉంది. ఊపుడు కనపడకుండా చేసిందెవరు?"

దియాబ్ చేతిని తుడుచుకోలేదు. కాఫీ నేల మీద బొట్లు బొట్లుగా పడుతోంది. గోడ పక్కన నేనూ, టీ గ్లాసు పట్టుకుని జువైనా.

"కిందటి శీతాకాలం గుట్టెక్కే పందెంలో" అన్నాడు చివరికి, "అందరూ చూస్తుండగా దీపం మినుకు మినుకుమంది. మా పెదనాన్న కొడుకులు, 'నీ బండి భయపడి కళ్లార్పుతోందిరా' అన్నారు. పట్నంవాణ్ని తీసేయమన్నాను. చెవి కూడా నొక్కేయమన్నాను. బండి చెల్లికి ఇచ్చేటప్పుడు ఆ సంగతే గుర్తులేదు."

జువైనా టీ గ్లాసు కింద పెట్టింది. "నేను మూడు గంటలు నడిచాను అన్నా" అంది. అరవలేదు. టైరు ప్రెషర్ చెప్పినట్టు చెప్పింది.

అతను తలెత్తకుండానే, "అందుకే అమ్మేద్దామంటున్నా. ఇచ్చిన మాట అలాగే ఉంది. ఆగిందంటే తోలేస్తా" అని లేచాడు. సిగ్గుపడ్డ మగాడు ఒక అడుగు వెనక్కి వేయడానికి బదులు రెండడుగులు ముందుకి వేస్తాడు. మా వాళ్లంతా అంతే.

*

తర్వాత నాలుగు మధ్యాహ్నాలు అదే గుట్ట, అదే బరువు, అదే ఎండ. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ డేరాకి నీళ్లు దియాబే తన రెండో బండిలో డబ్బాలతో మోశాడు. లోపలికి పీల్చే గాలి వేడెక్కిన కొద్దీ టర్బో ఒత్తిడి తనంతట అది తగ్గేలా, నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా, పెట్రోలు కాస్త చిక్కగా అందేలా మర్హూన్ అంకెలు మార్చుకుంటూ పోయాడు. ఒక్కో అంకెకీ ఒక్కసారి గుట్టెక్కడం. ఒకేసారి రెండు మారిస్తే ఏది మంచి చేసిందో, ఏది చెడు చేసిందో తెలియదంటాడు. మధ్యలో నాకు వడదెబ్బ తగిలినంత పనైంది. "సుబైత్, నువ్వు కూడా కప్పు ఊపుతున్నావా?" అని నా మొహాన నీళ్లు చల్లాడు.

నాలుగో రోజుకి రాగి గొట్టంలో కాఫీ గింజల చప్పుడు పోయింది. ఇంజిన్ చెవి తెరిచాడు. మీటర్ల పెట్టెలో దాచకుండా, అద్దం కింద, పక్క సీటువాడికి కూడా కనపడేలా ఎర్ర దీపం బిగించాడు. రేడియేటర్ నీళ్లు మరీ కాగితే బండి ఠక్కున చచ్చిపోకుండా సగం బలంతో నీరసంగా పాకేలా చేశాడు. లెక్క చూస్తే మూడొందల పదిహేను గుర్రాలు.

"ఎనభై అయిదు పోయాయి బాబాయ్" అంది జువైనా నవ్వుతూ.

"ఆ ఎనభై అయిదూ పది సెకన్లకొచ్చి భోజనం చేసి పోయే చుట్టాలు. నీళ్లు మోసేవి ఇవి." తర్వాత నవ్వు లేకుండా చెప్పాడు. "దీపం మినుకుమంటే కాలు తియ్యి. కిందికి వాలుండే చోటు చూసి, గాలికి ఎదురుగా మూతి పెట్టు. ఇంజిన్ ఆపొద్దు, ఆపితే లోపలి నీళ్లు కదలక అక్కడే మరుగుతాయి. ఏసీ కట్టేసి హీటర్ పూర్తిగా తిప్పు. ఇంజిన్ వేడిని నువ్వు కాస్త పంచుకో. రేడియేటర్ మూత జోలికి చచ్చినా పోవద్దు."

"నలభై ఏడు డిగ్రీల్లో హీటరా?" అన్నాను నేను.

"నువ్వు వెళ్లడం లేదుగా" అన్నాడు మర్హూన్.

నేనే వెళ్లాల్సొచ్చింది. ఆయన రానన్నాడు. తను పక్కనుంటే పిల్ల బండి మాట వినకుండా తన మాట వింటుందన్నాడు.

*

బయల్దేరిన రోజు దియాబ్ తన బండిలో ముందు నడిచాడు. వెనక తాళ్లు, పార. "పెద్ద గుట్ట పైన నిలబడతా. ఆగితే లాగాలిగా" అన్నాడు. నా కొట్టు ముందు టైర్లలో గాలి తీస్తుంటే ముజ్నా మొగుడు కూడా ఆగి, "ఎన్ని గుర్రాలు మిగిలాయి?" అని అడిగి పోయాడు.

మొదటి రెండు గుట్టలూ జువైనా పాట పాడుకుంటూ దాటేసింది. పెద్ద గుట్ట మొదలయ్యాక పాట ఆగింది. కింది గేరు, నిదానమైన వేగం. వెనక నీళ్లు అటూ ఇటూ కొట్టుకుంటుంటే సముద్రాన్ని వీపు మీద మోస్తున్నట్టుంది. శిఖరం మీద దియాబ్ బండి చీమంత కనిపిస్తోంది. అయిదు నిమిషాలు. ఆరు. బండి మునుపటంత ఉరకడం లేదు. వేడెక్కిన కొద్దీ తనే తగ్గుతోంది, అలిసినవాడు ఊపిరి దాచుకుంటూ మెట్లెక్కినట్టు.

ఎనిమిదో నిమిషంలో ఎర్ర దీపం ఒకసారి మినుకుమంది.

"చూశావా?" అన్నాను.

"చూశాను మామా."

పైన అన్న చూస్తున్నాడు. ఇంకో మూడు నిమిషాలు తొక్కితే శిఖరం. ఆ పిల్ల కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. ఇక్కడ కదలకుండా నిలబడితే సినావ్ సంత. దీపం మళ్లీ మినుకుమంది, ఈసారి రెండుసార్లు.

"మళ్లీ ఊపింది" అంది తనలో తనే, కాలు తీసేసింది.

కుడిపక్క చిన్న మిట్ట ఉంది. దాని నెత్తికి పాకించి, మూతి కిందికి వాల్చి, దక్షిణం గాలికి ఎదురుగా నిలబెట్టింది. ఇంజిన్ నడుస్తూనే ఉంది. ఏసీ కట్టేసింది. హీటర్ తిప్పింది. నరకంలో వేసవంటూ ఉంటే అలాగే ఉంటుంది. నా గడ్డంలోంచి చెమట ధారగా కారి ఒళ్లో పడుతోంది. వేడి మీటరు ముల్లు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, కిందికి జారుతోంది.

పైన దియాబ్ బండి కదిలింది. మా వైపు రాలేదు. అవతలికి దిగిపోయింది.

"ఒక్కడే లాగలేనని డేరాలో మనుషుల్ని తేవడానికి పోతున్నాడు" అన్నాను.

"ఏమని చెప్తాడో తెలుసు" అంది. మొహం తుడుచుకుంది. చెమటో మరేమిటో నేను చూళ్లేదు.

తొమ్మిది నిమిషాలు. దీపం ఆరింది. ముల్లు తన చోటికొచ్చింది. మిట్ట మీంచి వాలుకి దొర్లించి, ఆ ఊపులోనే వంపు తిప్పి గుట్టకి ఎదురు పెట్టింది. శిఖరం దాటేటప్పుడు బండి మూలిగింది కానీ దీపం వెలగలేదు. అవతలి వాలులో గాలి కిటికీలోంచి కొట్టింది. అది కూడా వేడిగాలే. నాకు మాత్రం కొత్త కుండలో నీళ్లలా తగిలింది.

డేరా దగ్గరికి వెళ్లేసరికి దియాబూ, ఒంటెల కాపరీ పారలు బండికెక్కిస్తున్నారు. పంతొమ్మిది ఒంటెలూ ఖాళీ తొట్టి చుట్టూ నిలబడి మెడలు మా వైపు తిప్పాయి. మా అక్క తొట్టి అంచు మీద కూర్చుని ఉంది. జువైనా ఎవరితోనూ మాట్లాడకుండా బండిని తొట్టి పక్కన పెట్టి, ట్యాంకు పైపు లాగి వదిలింది. నీళ్లు దుమికాయి. తలలన్నీ ఒకేసారి వంగాయి.

దియాబ్ పార భుజాన పెట్టుకునే వచ్చాడు. ముందు చెల్లెల్ని తల నించి కాళ్ల దాకా చూశాడు, పెదాలు పగిలాయా లేదా అని. తర్వాత మాట గుర్తొచ్చింది కాబోలు.

"ఆగింది కదా. నేను పైనుంచి చూశాను."

"బండి ఆగలేదు అన్నా. నేనాపాను."

"ఆగడానికీ ఆపడానికీ తేడా ఏంటి?"

"కిందటిసారి నేను నడిచొచ్చాను. ఈసారి బండి నడిచొచ్చింది."

"అమ్మా, నువ్వే చెప్పు. గుట్ట మధ్యలో నిలబడిపోయిందమ్మా. నా రెండు కళ్లతో చూశా. మాటంటే మాటేగా. ఆగిందా, లేదా?"

అక్క ఒంటెల మూతుల వంక చూసింది.

"మరి ఇవి తాగుతున్నదేంట్రా," అంది, "నీ నాలుగొందల గుర్రాల ఉచ్చా?"